రెండో మీటరు

"ఫ్యూజు పీక్కోని పోయినోడు తనంతట తాను తెచ్చి పెట్టడు వదినా. పోయి కట్టాల. కట్టేదెవరు? అదొక్కటి తేల్చండి!"

నడిమింట్లోంచి ధనంజయ గొంతు వచ్చింది. మనిషి కనపడలేదు. కొండ మీదికి పోయే బస్సులో కండక్టరు అతను. దినమంతా యాత్రికుల గుంపుల మీద అరిచి అరిచి, ఇంట్లో మెల్లగా మాట్లాడదామనుకున్నా ఆ గొంతు అణగదు.

జ్ఞానాంబ వంటింటి గడపలో కూర్చుని లాంతరు గాజును పాతగుడ్డతో తుడుస్తోంది. నిన్న పగలు కరెంటాఫీసు మనిషి వచ్చాడు. గడువు దాటిందని ఒక్క మాట చెప్పి, మీటరు పక్కనున్న ఫ్యూజు ఊడబెరికి జేబులో వేసుకుని సైకిలెక్కాడు. కరెంటు లేని రెండో సందెవేళ ఇది.

"మీ అన్నను అడుగు," అంది.

అన్న అక్కడే ఉన్నాడు. గోడకానుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పగలంతా ఇత్తడి సామాన్ల అంగట్లో బిందెల మోత విని వచ్చే దామోదరానికి ఇంట్లో గట్టి మాట గిట్టదు. తమ్ముడు గొంతు పెంచేకొద్దీ అతను తగ్గిస్తాడు.

"సగం నువ్వు, సగం నేను అన్నాను గదప్పా," అన్నాడు. "నాయన పోయినప్పటినుంచి ఇంటి ఖర్చంతా అట్లనే గదా జరుపుతా ఉండాం."

"నేనెందుకు కట్టాలన్నా సగం? మా గదిలో ఉండేది ఒక్క బల్బు. అమ్మ గదిలో నూరు క్యాండిల్ బల్బు రేయనక పగలనక మండతా ఉండాది. ఆ బిల్లులో సగం నా నెత్తినా?"

"ఆమె నీకు అమ్మ కాదా?"

"అమ్మను అనలేదన్నా. బల్బును అంటా ఉండా."

పక్కగది తెర వెనక గాజులు గలగలమని, వెంటనే ఆగిపోయాయి. ధనంజయ భార్య నాగరత్న. ఆ ఇంటికి వచ్చి ఏడాదైనా కాలేదు. మొగుడు మాట్లాడేటప్పుడు ఆ పిల్ల ఊపిరి కూడా బిగబట్టుకుంటుంది.

జ్ఞానాంబ లాంతరు వెలిగించింది. ఒత్తి బాగా తగ్గించింది. రేషను డిపోలో కిరసనాయిలు పోసేది మళ్ళీ నెల మొదట్లోనే.

ఇల్లు జరిపేది ఆమే. జీతాల రోజు భర్త తెచ్చింది, మరిది ఇచ్చింది కలిపి వంటింట్లో పీట వేసుకుని కూర్చుని పంచేది. పాలకొక డబ్బా. బియ్యానికొకటి. కిరసనాయిలుకు మూతపోయిన గాజుసీసా. కొళాయి పన్నుకు ఖాళీ పౌడరు డబ్బా. అన్నిటికీ సర్ది, ఆఖరున మిగిలింది కరెంటు డబ్బాలో వేసేది. ఎప్పుడూ సరిపోయేది. ఈ రెండు నెలల్లో బిల్లు కాగితం ఆ డబ్బాకు అందనంత ఎత్తుకు పోయింది. పాలు తగ్గించి చూసింది. కొళాయి పన్ను ఒక నెల వెనక్కి తోసింది. మిగిలిన కొరత అన్నదమ్ములు తీరుస్తారనుకుంది. నువ్వంటే నువ్వని వాళ్ళు కూర్చునేసరికి గడువు పోయింది.

ఆ బల్బు మీద ఆమెకూ కోపమే. అత్త వరదమ్మ గదికి కిటికీ లేదు. అయితే మాత్రం, పట్టపగలు నూరు క్యాండిల్ దేనికి? అటు పోయినప్పుడల్లా జ్ఞానాంబ స్విచ్చి ఆర్పేసేది. తిరిగి వచ్చేసరికి అది మళ్ళీ వెలుగుతూ ఉండేది. ఎందుకత్తా అంటే, దేవుడి పటాలుండే గదిలో చీకటి ఉండకూడదనేది ముసలామె.

"ఇన్ని మాటలు దేనికన్నా," అన్నాడు ధనంజయ. ఈసారి గొంతు పెద్దగా లేదు. అందుకే జ్ఞానాంబకు భయమేసింది. "నేను వేరే మీటరు పెట్టించుకుంటా. ఎవరి బల్బు వాళ్ళకు, ఎవరి బిల్లు వాళ్ళకు."

దామోదరం చాపిన కాళ్ళు ముడుచుకున్నాడు.

"అడిగి వచ్చినా. ఊరికే ఇయ్యరంట. మధ్యలో గోడ ఉండాలంట. వాకిళ్ళు రెండు ఉండాలంట."

లాంతరు మంట ఒకసారి ఎగిరి అణిగింది. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. బిల్లు మాటతో మొదలైన సంగతి గోడ దాకా ఎట్లా నడిచిపోయిందో జ్ఞానాంబకు అర్థం కాలేదు.

"బువ్వ చల్లారతా ఉండాది," అంది వంటింట్లోంచి వరదమ్మ. ఏ మాటా వినపడనట్టే ఉంది ఆ గొంతు. "రండప్పా. నాగరత్నా, నువ్వూ రామ్మా."

*

ఆకులు వేసి అందరూ కూర్చున్నారో లేదో, పెరటి తలుపులోంచి కొండగాలి ఒక్క విసురు విసిరింది. లాంతరు ఆరిపోయింది.

"అగ్గిపెట్టె యాడ పెట్టినావే?" అన్నాడు దామోదరం.

"ఉండండి. చూస్తా ఉండా."

చీకట్లో ఇల్లు పెద్దదైపోయింది. గోడలు ఎక్కడికో జరిగిపోయినట్టు, తామందరూ ఏ ఏటి ఒడ్డునో ఆరుబయట కూర్చున్నట్టు అనిపించింది జ్ఞానాంబకు. చింతాకు పప్పు వాసన, పెరట్లో విచ్చుకుంటున్న మల్లెల వాసన కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా ఉంది. వీధి చివర ఎవరో పిల్లల్ని పిలుస్తున్న కేక కలలో విన్నట్టు దూరంగా వినిపించింది. తన చెయ్యి తనకే కనపడటం లేదు.

ఆ చీకట్లో వరదమ్మ వడ్డిస్తూ పోయింది.

పాదాల చప్పుడు లేదు. గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు మాత్రం ఒకచోట, తర్వాత ఇంకొకచోట. "ఇది నీకు దామోదరా, సంగటిలో నెయ్యి వేసినా." "నాగరత్నా, చెయ్యి అడ్డం పెట్టొద్దు. ఇంకొక్క ముద్ద." ఆకు అంచు దాటి ఒక్క మెతుకు పడలేదు. ఎవరి ఆకు ఎక్కడుందో, ఎవరు ఎంత తిన్నారో ఆమెకు తెలుస్తూనే ఉంది. ధనంజయ ముంత కోసం తడుముకుంటుంటే ముంతే వచ్చి అతని చేతికి తగిలింది.

కోపాలన్నీ ఎటు పోయాయో. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు అమ్మ చేతి ముద్ద తింటున్నట్టు తిన్నారు అన్నదమ్ములిద్దరూ.

జ్ఞానాంబకు అగ్గిపెట్టె దొరికింది. గాజు ఎత్తి, ఒత్తి అంటించి, లాంతరును అత్త ముందర పెట్టింది. కండ్లు జిగేలుమని అందరూ ఒక్కసారి రెప్పలు మూసి తెరిచారు.

వరదమ్మ ఒక్కతే రెప్ప వేయలేదు.

మజ్జిగ చెంబు పట్టుకుని మంటకు ఎదురుగా వంగి, "జ్ఞానా, లాంతరు ఎలిగిస్తివా ఇంకా లేదా?" అంది. "అబ్బోడి తెల్లచొక్కా మీద మజ్జిగ పడతాదేమో."

"ఎలగతానే ఉండాది గదమ్మా," అన్నాడు ధనంజయ తల ఎత్తకుండా.

"ఆ... పొగ, కండ్లల్లో పడింది."

మగవాళ్ళు తింటూనే ఉన్నారు. నాగరత్న ఉప్పు అందుకుంటోంది. జ్ఞానాంబ చేతిలో అగ్గిపుల్ల కాలి కాలి వేలికి తగిలింది. అయినా ఆమె దాన్ని పారేయలేదు.

*

బువ్వలయ్యాక అన్నదమ్ములు గాలికని మిద్దె ఎక్కారు. ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర.

పెరట్లో జాలాడి దగ్గర లాంతరు పెట్టుకుని అత్తాకోడళ్ళు గిన్నెలు కడుగుతున్నారు. దూరంగా కొండ మీది నడకదారి దీపాలు ఒకదాని వెనక ఒకటి పైకి ఎక్కిపోతున్నాయి. బస్సుల వెలుగులు మలుపు దగ్గర కనపడి, మాయమై, ఇంకా పై మలుపులో తేలుతున్నాయి.

జ్ఞానాంబ కడిగిన చెంబు ఒకటి తీసి, ఏమీ మాట్లాడకుండా, అత్త ముఖానికి ఎదురుగా చాపి పట్టుకుంది.

వరదమ్మ దాన్ని అందుకోలేదు. బూడిద, పీచు పట్టుకుని గిన్నె తోముతూనే ఉంది.

"అత్తా."

"ఏమ్మే?"

"చెంబు ఇస్తా ఉండా. తీసుకో."

వరదమ్మ చెయ్యి గాల్లోకి లేచి, చెంబుకు జానెడు పక్కన ఆగింది. ఆ చెయ్యి అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి నెమ్మదిగా దిగి ఒళ్ళోకి వచ్చింది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది జ్ఞానాంబ.

ముసలామె చేతులు నీళ్ళలో ముంచి కడుక్కుంది. తొందరేమీ లేదు ఆమెకు.

"మొదట మంచనుకున్నా. ధనుర్మాసంలో తెల్లారి లేస్తే కొండ కనపడదే, అట్ల. శివరాత్రి పోయినా ఆ మంచు పోలేదు." చిన్నగా నవ్వింది. "అగసాట్లేమీ లేవమ్మే. బాగానే ఉంటాది ఒక్కొక్కసారి. మనుషులంతా నీళ్ళడుగున నడుస్తా ఉన్నట్టు ఉంటారు. ధనంజయ వస్తే తెల్లగా ఒక మేఘం వచ్చినట్టు. నీ మొగం నేను చూసి శానా కాలమాయె జ్ఞానా. నాకు నువ్వు ఇప్పటికీ పెండ్లినాటి మొగంతోనే ఉండావు."

జ్ఞానాంబకు కండ్లలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకున్నా తుడుచుకోకపోయినా చూసేవాళ్ళు లేరని తోచి ఇంకా ఎక్కువయ్యాయి.

"మరి ఆ బల్బు..."

"అదొక్కటి కనపడతాది. పసుపుముద్ద మాదిరి. ఈ లాంతర్లు, దీపాలు నాకు చాలవు. పొద్దున లేస్తానే దానివైపే చూస్తా. కనపడితే, సరే, ఈ పొద్దుకు ఉండాది అనుకుంటా."

"నేనే గదా అత్తా దాన్ని ఆర్పేస్తా ఉండేది."

"ఊ. నువ్వు ఆర్పినప్పుడంతా గుండె జల్లుమనేది. నువ్వు ఆర్పినావో, నా కండ్లే ఆరిపోయినాయో తెలిసేది కాదు. గోడ తడుముకుంటా పోయి స్విచ్చి నొక్కేదాన్ని. మళ్ళీ ఎలిగితే ఊపిరి వచ్చేది."

మిద్దె మీద ఎవరో దగ్గారు. ఇద్దరూ మాట ఆపారు. మల్లెపందిరి మీద గాలి వీచి ఆగింది.

"పాకాలలో మా అమ్మ చెప్పింది. ఆడ కంటి డాక్టర్లు క్యాంపు పెడతారంట. పొరలయితే తీసేస్తారంట," అంది జ్ఞానాంబ లోగొంతుతో. "పిల్లలు గూడా ఆడనే ఉండారు గదా. సెలవులు అయినాంక వాళ్ళను పిలుచుకోను పోతాం గదా, అప్పుడు పోదాం."

"మా అన్న కంటికి కత్తి పెట్టినారు. ఉన్న చూపు గూడా పోయింది. వద్దు."

"నీ కొడుకులకు చెప్పనీ అత్తా. బల్బు మాట అట్లన్నా ఆగిపోతాది."

వరదమ్మ తడిచేత్తో కోడలి మణికట్టు పట్టుకుంది. ఈసారి ఆ చెయ్యి తప్పిపోలేదు.

"బల్బు మాట ఆగతాది. ఇంకొక మాట మొదలవతాది. గోడ లేస్తే ఈ గుడ్డిముసలిది ఎవరి పక్క? కొన్నాళ్ళు ఆడ, కొన్నాళ్ళు ఈడనా? బిల్లుకే ఇంత మాటలాయె, నాకెంత మాటలవతాయి? ఈ ఇంట్లో నాకు కండ్లతో పనిలేదమ్మే. ఏ రాయి యాడుండాదో పాదాలకు తెలుసు. ఎవరు ఏడస్తా ఉండారో, ఎవరికి ఆకలిగా ఉండాదో గాలికి తెలుస్తాది. ఇల్లు ఇట్లనే ఉండనీ. నేను చూపున్న మనిషినే. మీ ఆయనకు గూడా చెప్పొద్దు."

"అత్తా..."

"నా చేతిలో చెయ్యి వెయ్యి."

కొండ మీద ఒక బస్సు వెలుగు మలుపులో తిరిగి వాళ్ళ వైపు ఒక్క క్షణం చూసినట్టు చూసి, వెళ్ళిపోయింది. జ్ఞానాంబ చెయ్యి వేసింది.

*

తెల్లారి దామోదరం అంగడికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే, జ్ఞానాంబ గుమ్మంలో నిలబడింది.

"అత్త గదిలో బల్బు గురించి ఇంక ఎవరూ ఏమీ అనొద్దు. మీ తమ్ముడికి చెప్పండి."

అతను తలెత్తాడు. "నిన్నటిదాకా నువ్వే గదా అంటా ఉంటివి."

ఆమె గుమ్మం మీది దుమ్ము కొంగుతో తుడిచింది. చెప్పదని తెలిసి అతను రెండో చెప్పు వేసుకున్నాడు.

"రేత్రంతా ఆలోచన చేసినా జ్ఞానా. వాడు అడిగిందే మంచిదేమో. గోడ పెట్టుకుంటే మాటలన్నా మిగలతాయి. ఈ లెక్కలతో వాడు నన్ను అన్నా అని పిలిచేది గూడా మానేస్తాడేమోనని నా బాధ."

అంత మెత్తగా చెప్పినదానికి ఎదురు చెప్పడానికి ఆమె దగ్గర ఒక్కటే మాట ఉంది. ఆ మాట మీద అత్త చెయ్యి ఉంది.

అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి ఆమె లోపలికి వచ్చింది. బట్టలపెట్టెలో అడుగున, గంగజాతరకు చీర కొనుక్కోవాలని ఏడాదంతా కొంచెం కొంచెంగా దాచుకున్న డబ్బు ఉంది. రుమాలు మూటతో సహా తీసి సంచిలో వేసుకుంది.

"యాడికక్కా?" అంది నాగరత్న తెర పక్కకు జరిపి.

"కరెంటాఫీసుకు. కట్టేస్తా. మగోళ్ళు తేల్చేదాకా చీకట్లో కూర్చోలేను."

"నేనూ వస్తా."

ఇద్దరూ కొంగులు తలమీదికి లాక్కుని నడిచారు. పొద్దెక్కుతోంది. తారురోడ్డు మీద ఎండ నీళ్ళలాగా కదులుతోంది. గుండ్లు కొట్టించుకుని గంధం పూసుకున్న యాత్రికులు ఆ ఎండనీళ్ళలోంచి ఒక్కొక్కరే తేలి వచ్చి, పక్కనుంచి దాటిపోతున్నారు. అత్తకు లోకం ఇట్లాగే ఉంటుందేమో అనుకుంది జ్ఞానాంబ. కండ్లు సగం మూసి నాలుగడుగులు వేసింది. రాయి తగిలి తూలితే నాగరత్న పట్టుకుంది.

"అక్కా, గోడ అడిగింది నేననుకుంటా ఉండావా?"

"నేనేమీ అనుకోలేదు."

"కాళాస్తిలో మా నాయన కలంకారీ గుడ్డ మీద బొమ్మలేస్తాడు. నాకూ వచ్చు. పని తెచ్చుకుంటానని మీ మరిదితో అన్నా. పెద్ద బల్బు లేకపోతే సన్నగీత కనపడదు గదక్కా. బిల్లు పెరిగితే నన్నెక్కడ మాటంటారోనని నేనే బల్బు ఆర్పేసి చీకట్లో కూర్చుంటా. ఆయన అది చూసి, మన మీటరు మనకుంటే నీ ఇష్టం వచ్చినంత ఎలిగించుకో అన్నాడు. అంతే జరిగింది." ఆ పిల్ల జ్ఞానాంబ మోచెయ్యి పట్టుకుంది. "నాకు గోడ వద్దక్కా. గోడ పెడితే పగలంతా నేనొక్కదాన్నే ఆ పక్క."

జ్ఞానాంబ నడక ఆపింది. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు వెలుగు కోసం, ఒకరు వెలుగుకు భయపడి, ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నారు. తానేమో డబ్బాలు సర్దుకుంటూ ఇల్లంతా తన చేతిలోనే ఉందనుకుంది.

"చెప్పొచ్చు గదే నాతో."

"నువ్వు డబ్బాలు ముందర పెట్టుకొని కూర్చున్నప్పుడు నీ మొగం చూస్తే ఏమీ అడగబుద్ధి కాదక్కా."

ఆ మాటకు జ్ఞానాంబకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఆఫీసు కిటికీ ముందర ఆడవాళ్ళ వరసలో నిలబడి, మూట విప్పి కట్టింది. సాయంత్రంలోగా మనిషి వచ్చి ఫ్యూజు పెడతాడని చెప్పారు. తిరిగి వస్తుంటే సగం దారిలో నాగరత్న అడిగింది.

"అక్కా, అత్తకు ఒళ్ళు బాగుండాదా?"

"ఎందుకట్లడగతావు?"

"మొన్న నేను పచ్చచీర కట్టుకుంటే, ఈ ఎర్రచీర నీకు బాగుండాదమ్మా అనింది."

"వయసు గదే," అంది జ్ఞానాంబ. "ఏదో ఆలోచనలో ఉండుంటాది."

నాగరత్న ఆమె వైపు చూసింది. ఇంకేమీ అడగలేదు. ఆ అడగకపోవడమే జ్ఞానాంబకు ఇల్లు చేరేదాకా బరువుగా ఉంది.

*

వీధిలోకి తిరగ్గానే వాకిలి ముందర ఒక కొత్త సైకిలు కనపడింది. దాని వెనక తాపీసామాన్ల సంచి కట్టి ఉంది.

లోపల నడిమింట్లో ఎర్రకావి నేల ఊడ్చి శుభ్రంగా ఉంది. మేస్త్రి గోవిందు మోకాళ్ళ మీద కూర్చుని, నీలిమందు పట్టించిన దారాన్ని ఆ గోడనుంచి ఈ గోడకు లాగుతున్నాడు. దారం రెండో కొన దామోదరం చేతిలో ఉంది. మధ్యాహ్నం బువ్వకని వచ్చినవాడు వచ్చినట్టే కూర్చుని పట్టుకున్నట్టున్నాడు. అంగడి చొక్కా కూడా విప్పలేదు. డ్యూటీ లేని ధనంజయ బనీనుతో తలుపుకానుకుని నిలబడ్డాడు. ఇద్దరి ముఖాల్లోనూ కోపం లేదు. రాత్రి జాగారం చేసిన మనుషుల్లాగా అలిసిపోయి ఉన్నారు.

"బిల్లు కట్టేసి వచ్చినాను," అంది జ్ఞానాంబ. "ఇంక గోడెందుకు?"

"ఈ నెలది కట్టినావు వదినా," అన్నాడు ధనంజయ. తొలిసారి అతని గొంతు బతిమాలుతున్నట్టు ఉంది. "వచ్చే నెల? ఆ తర్వాత? నెలనెలా అన్నతో ఈ మాటలు నావల్ల కాదు. నాకూ నిద్రపట్టడం లేదు."

"గోడ లేస్తే వెలుగు ఎవరికీ చాలదప్పా..."

ఆమె మాట పూర్తి కాలేదు. వంటింటి గడప దగ్గర వరదమ్మ కనపడింది. కొడుకులకు మజ్జిగ తీసుకువస్తోంది. రెండు చేతుల్లో రెండు చెంబులు. ఎప్పుడూ వచ్చే దారినే, ఎప్పుడూ వచ్చే నడకతో, నేలను కాకుండా ఎదుటి వెలుగును చూస్తూ నడిమింట్లోకి వచ్చేసింది. దారం మోకాటికి కిందుగా బిగువుగా ఉంది. నీలంరంగు దారం, ఎర్రటి నేల. పట్టపగలు.

ఇంకొక్క అడుగు.

"అత్తా, ఆగు! కాళ్ళకడ్డం దారం ఉండాది!"

వరదమ్మ ఆగింది. చెంబులోంచి మజ్జిగ తొణికి నేలమీద పడింది.

అరిచిన నోటికి జ్ఞానాంబ చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది. ధనంజయ దారం వైపు చూశాడు. అమ్మ వైపు చూశాడు. మళ్ళీ దారం వైపు చూశాడు.

"అమ్మా," అన్నాడు. బస్సులో అరిచే గొంతు ఎక్కడికి పోయిందో. "ఇంత దారం నీకు కనపడలేదా?"

నాగరత్న పరిగెత్తివచ్చి అత్త చేతుల్లోంచి చెంబులు తీసుకుంది. ఆ చేతులు ఖాళీగా గాల్లోనే ఉండిపోయాయి.

దామోదరం కూర్చున్నచోటే ఇటు తిరిగాడు. దారం వదలడం కూడా మరిచిపోయి, "ఎన్నాళ్ళాయెనమ్మా?" అన్నాడు. అడిగింది అమ్మనే అయినా, చూసింది భార్య వైపు. ఆ చూపుకు జ్ఞానాంబ తల వంచుకుంది.

"ఆ పిల్లనేమీ అనొద్దు. నేనే నోరు కట్టేసినా," అంది వరదమ్మ. కొడుకు గొంతు వచ్చిన వైపుకు మెల్లగా ముఖం తిప్పింది. కోపం లేదు, ఏడుపు లేదు. దారి తెలియని ఊళ్ళో ఎదురొచ్చిన మనిషిని అడిగినట్టు అడిగింది.

"దామోదరా, నాకు తెలీక అడగతా ఉండా నాయనా. ఇప్పుడు నేను ఏ పక్కనుండా? నీ పక్కనా, వాని పక్కనా?"

ధనంజయ తలుపు వదిలి ఒక్క అడుగు ముందుకు వేసి, దారం దగ్గర ఆగిపోయాడు.

గోవిందుకు ఆ ఇంటి సంగతులు తెలియవు. దారాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి, వదిలితే నేల మీద నీలిగీత పడేటట్టు బిగబట్టి, అతను ఒకరి తర్వాత ఒకరి ముఖాలు చూశాడు.

"గీత కొట్టమంటారా సామీ, వద్దా?"